ఆకరనిర్దేశము - కోయడోలి పాట

మడికి సింగన సకలనీతిసమ్మతమును గూర్చునప్పు డన్యుల పద్యములను సంగ్రహించి, యవి యే గ్రంథములలోనివో యా పేళ్లతోడనే నిలిపెను. పదునైదవ శతాబ్దినాఁటి యీ జాగ్రత్త యెంత మేలు చేసినదో ముద్రామాత్యమువలనఁ దెలియును. ఆ కావ్యము నేఁడు లేదు. సింగన యుదాహరించిన పద్యములే దాని శేషము. శివదేవయ్య పురుషార్థసారముగతియు నిట్టిదే. "పెద్దలు చెప్పిరి" అని సంకలనకర్త యూరకుండినచో నా పద్యములు మిగిలెడివి గాని, కృతుల పేళ్లు మిగిలెడివి కావు.

నేఁటి కళాశాలలలో వ్యాసములకు విధించు నాకరనిర్దేశము విద్యార్థులకు మార్కులకొఱకైన తంతుగాఁ దోఁచుట కలదు. గ్రంథకర్త, గ్రంథనామము, ముద్రణవత్సరము, పుటసంఖ్య వ్రాసినఁ బని ముగిసినట్లెంతురు. అచ్చుపుస్తకమున కది చాలును. పినపాక సీమలోఁ జాలదు.

సమ్మక్క సారలమ్మల కథను వ్రాయఁబూనిన విద్యార్థి కిచ్చట ముఖ్యాకరము పుస్తకము గాదు, గాయకుఁడు. కోయల వంశగాథలను గానము సేయువారు డోలీలు. పినపాక శాసనసభా నియోజకవర్గములోని మణుగూరు మండలమునఁ గూనవరవాసి సకిని రామచంద్రయ్య యట్టివాఁడు. 2022లోఁ బద్మశ్రీ నందెను, 2024లో దివంగతుఁడయ్యెను. ఇట్టివానినుండి విన్న కథకు "గిరిజనుల విశ్వాసము" అని యాధారము చూపుట యొకని పాండిత్యమును ఊరిమాటగాఁ జేయుటయే. అదే కథను పత్రికలో నాలుగు పంక్తులు వ్రాసిన విలేఖరి పేరు అధోజ్ఞాపికలోఁ జేరును. పాడినవాని పేరు చేరదు!

పాడినవాఁ డెవఁడు, ఏ యూర, ఏ దినమున, ఎవరియొద్ద నేర్చెను, ఏ భాషలోఁ బాడెను - ఇవి యెల్ల వ్రాయవలసినవే. అన్నిటికంటె భాష ముఖ్యము. రామచంద్రయ్య కోయభాషలోను దెలుఁగులోను బాడెడివాఁడు. ఒక కోయపదమునకుఁ దెలుఁగు చెప్పినది గాయకుఁడో, వ్రాసికొన్న విద్యార్థియో తెలియనిచో నా పదమును బట్టి చేసిన వాదమునకుఁ బునాది లేదు.

మౌఖికగాథ సమష్టిసొత్తు గదా, యొక్కని పేరేల యని యాక్షేపింతురు. గాథ సమష్టిదే, ఆనాఁడు విన్న పాఠము మాత్ర మొకనిది. తాళపత్రప్రతులను బరిష్కరించువారు ప్రతి యొక్కింటిని వేఱువేఱఁ బేర్కొని పాఠభేదములఁ జూపుదురు. తాటియాకునకుఁ గల మర్యాద మనుష్యునకు లేకుండుట వింత. గాయకుఁడే తన పేరు వలదన్నచో నామాటయు వ్రాసి, పేరు విడువవచ్చును. ధ్వనిముద్రణ మున్నయెడల నది యెచ్చట భద్రముగా నున్నదో తెలుపవలయును. గాయకుఁడు గతించిన వెనుక వేఱొకఁడు సరిచూచుకొనుట కదియొక్కటే త్రోవ.