నాగజెముడు ముల్లు - పొగమంచు నీరు

మెక్సికో ఎడారిలో పెరిగే ఒక జాతి నాగజెముడు పొగమంచునుండి నీటిని పట్టగలదని 2012లో బీజింగు పరిశోధకులు ప్రకటించారు. వారి వివరణ ముచ్చటైనది. ముల్లు కొన సన్నం, మొదలు లావు. దానిమీద నిలిచిన బిందువు లోపల, తలతన్యత వల్ల కలిగే ఒత్తిడి సన్నని వైపున ఎక్కువ, లావు వైపున తక్కువ. అందుచేత ముల్లు కొన నేలను చూస్తున్నా బిందువు మొదటివైపుకే ఎగబాకుతుంది. తరగతిలో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

అయితే ఈ ముల్లును అనుకరిస్తే వానలేని సీమల దాహం తీరిపోతుందనడం తొందరపాటు. ప్రయోగశాలలో పొగమంచును యంత్రం ఇస్తుంది. కొండమీద దానిని గాలి మోసుకురావాలి. రానినాడు ఎంత నేర్పుగల ముల్లయినా ఎండుముల్లే!

చిలీ దేశంలోని చుంగుంగో అనే పల్లె సంగతి చూడండి. 1992 నుండి అక్కడి కొండపై సుమారు వంద ప్లాస్టిక్ వలలు సముద్రపు పొగమంచును పట్టి, దినానికి సగటున 15,000 లీటర్ల నీరిచ్చాయి. ఏ మొక్కనూ అనుకరించని మామూలు వలలవి. అయినా సుమారు పదేండ్లకే మూలబడ్డాయి. జనం పెరిగారు, నీరు చాలలేదు. చిరిగిన వలలను బాగుచేయించే ఏర్పాటూ నిలవలేదు. ముల్లును అంత శ్రద్ధగా వర్ణించే వ్యాసాలలో ఈ మరమ్మతు పద్దు కనబడదు.