రస్సెల్ గ్రంథంలో బడిమట్ట

విశాఖపట్నం తీరాన వలలో పడే చేపలలో బడిమట్టకు పెద్ద గౌరవం లేదు. వంజరం, చందువల సరసన దానినెవరూ ఉంచరు. తల అచ్చంగా బల్లి తల. నోరు కన్నులు దాటి వెనుకకు చీలియుంటుంది. దవడల మీదనే గాక అంగిలి మీద, నాలుక మీద కూడ సూదుల వంటి పళ్లు. సముద్రపు అడుగున ఇసుకలోనో బురదలోనో కదలక పడియుండి, దాపునకు వచ్చిన చిన్న చేపను ఒక్క ఊపున పట్టి మింగుతుంది. ఇట్టి చేపకు ఒక ప్రసిద్ధ గ్రంథంలో ప్రత్యేక చిత్రం లభించినది.

ఆ గ్రంథకర్త పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు. 1781లో భారతదేశానికి వచ్చి 1789లో తిరిగి వెళ్లాడు. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, చిత్రాలు 1803లో లండనులో రెండు సంపుటాలుగా వెలువడినవి. చేపలను పట్టి తెచ్చినవారు జాలరులు; బొమ్మలు గీసినవాడు స్థానిక చిత్రకారుడు. అతని పేరు చరిత్రలో నిలువలేదు.

జాతులకు లాటిన్ ద్వినామాలు కల్పించుటకు మారుగా రస్సెల్ జాలరుల నోట విన్న తెలుగు పేర్లనే ఇంగ్లీషు లిపిలో వ్రాశాడు. శాస్త్రదృష్టితో చూస్తే ఇది లోపమే. నామకరణపు కీర్తి ఇతరులకు పోయినది. కూవియే 1829లో ఈ పటాల ఆధారంగా జెల్లో, తలబాన్ వంటి పేర్లను లాటిన్‌లోకి ఎక్కించాడు. బడిమట్టను 'సారస్ బడి' అన్నాడు. అయితే బడిమట్ట విషయంలో రస్సెల్‌కు పోయినదేమీ లేదు. భారతదేశానికి ఎన్నడూ రాని బ్లాక్ 1795లోనే దీనికి 'టంబిల్' అని పేరు పెట్టియున్నాడు. ముందు పెట్టిన పేరే చెల్లుతుంది గనుక నేడు ఇది 'సౌరిడా టంబిల్'.

అసలు లోపం మరొకటి. సౌరిడా ప్రజాతిని సైనోడస్ నుండి వేరుచేసే ముఖ్య లక్షణం అంగిలిపై ఇరువైపుల రెండేసి పట్టీలుగా ఉండే పళ్లు. సైనోడస్‌కు ఒక్కొక్క పట్టీయే. ప్రక్కనుండి గీసిన బొమ్మలో అంగిలి ఎట్లు కనబడును? దగ్గరి బంధువైన 'అండోస్క్వామిస్'ను గుర్తించుటకు తోక పైరెమ్మ అంచునగల నల్లచుక్కల వరుసను చూడాలి. ఎంత మంచి చిత్రమైనా సారాయంలో నిలువ చేసిన నమూనాకు సాటిరాదు.

ఐనను ఆ తెలుగు పేర్లు తీసివేయదగినవి కావు. తీరవాసులు బొంబాయిడక్కును వానమట్ట అంటారు. మెత్తని దేహంగల ఆ చేపకూ, గట్టి పొలుసుల బడిమట్టకూ పైచూపునకు పోలిక తక్కువ. శాస్త్రజ్ఞులు మాత్రం రెండింటిని ఒకే ఉపకుటుంబంలో చేర్చారు. అంతమాత్రాన జాలరులు వర్గీకరణశాస్త్రం ముందే కనిపెట్టారనడం అతిశయోక్తి. మంచినీటి కొర్రమట్ట కూడ మట్టయే గదా! ఆ మాట ఏ పోలికను బట్టి పుట్టినదో విచారించాలన్నా ముందు అది కాగితం మీద ఉండాలి. 1875–78 మధ్య వెలువడిన తన గ్రంథంలో ఫ్రాన్సిస్ డే తెలుగు పేర్లు చూపవలసి వచ్చినప్పుడు రస్సెల్ పేర్లనే ఎత్తి వ్రాసుకున్నాడు.