‘అసమర్థుడు’ అనే ముద్ర, కౌన్సెలింగ్ ప్రణాళిక: రెండు తెలుగు నవలల పరిశీలన

వ్యాససంగ్రహం:
మనోవైజ్ఞానిక నవలల విమర్శ చాలాసార్లు ప్రధానపాత్రలోని లోపానికి ‘ఆత్మన్యూనత’ అన్న పేరు పెట్టి అక్కడితో ఆగిపోతుంది. ఉద్వేగ, ప్రవర్తనా సమస్యలున్న వయోజనులకు కౌన్సెలింగ్ ప్రణాళిక రూపొందించే పద్ధతిలో ఆ పేరు తొలిమెట్టు మాత్రమే. ఆ పద్ధతి అడిగే ప్రశ్నలతో గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ను ప్రధానంగా, రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’ని తులనాత్మకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మనోవైజ్ఞానిక నవల, ఆత్మన్యూనత, కౌన్సెలింగ్ ప్రణాళిక, గోపీచంద్, రావిశాస్త్రి, గృహహింస.

1. ఉపోద్ఘాతం:
త్రిపురనేని గోపీచంద్ (1910-1962) రచించిన ‘అసమర్థుని జీవయాత్ర’ను తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా పేర్కొనడం పరిపాటి. ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ ప్రతిపాదించిన న్యూనతాభావ సిద్ధాంతాన్ని సీతారామారావు పాత్రకు అన్వయించిన విమర్శ కూడా తెలుగు పాఠకులకు కొత్తది కాదు. ఆ అన్వయం సరైనదే. అయితే అది పాత్రకు ఏమైందో చెబుతుంది గానీ, ఆ స్థితి ఎందుకు కొనసాగింది, ఎక్కడ మారే అవకాశం ఉంది, దాని భారం ఎవరు మోశారు అన్న ప్రశ్నలను వదిలేస్తుంది. కౌన్సెలింగ్ ప్రణాళిక మొదలయ్యేది ఈ ప్రశ్నలతోనే.

2. ప్రణాళిక స్వరూపం:
వయోజనులతో పనిచేసే కౌన్సెలర్ ముందుగా సమస్యను నాలుగు కోణాల నుంచి అర్థం చేసుకుంటాడు: సమస్యకు నేల సిద్ధపరచిన అంశాలు, దానిని ప్రేరేపించిన సంఘటనలు, కొనసాగిస్తున్న అలవాట్లు, మనిషిని ఇంకా నిలబెడుతున్న బలాలు. తనకు గానీ ఇతరులకు గానీ ప్రాణహాని ఉందా అన్నది అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసిన విషయం. లక్ష్యాలను కౌన్సెలర్ ఒక్కడే నిర్ణయించడు. సహాయం కోరి వచ్చిన వ్యక్తితో కలిసి నిర్ణయిస్తాడు. ‘ఆత్మవిశ్వాసం పెరగాలి’ అన్నది ఆశ మాత్రమే. ‘కోపం పెరుగుతున్నదని గుర్తించిన వెంటనే అక్కడి నుంచి పక్కకు వెళ్లడం, వారంలో ఎన్నిసార్లు అలా చేయగలిగిందీ రాసుకోవడం’ అన్నది లక్ష్యం. దానిని పరిశీలించవచ్చు, సమీక్షించవచ్చు, ఫలించకపోతే మార్చుకోవచ్చు.

3. సీతారామారావు - నాలుగు కోణాలు:
సీతారామారావు సమస్యకు నేల సిద్ధపరచినది వంశప్రతిష్ఠ. తండ్రి నుంచి ఆస్తితోపాటు ఆ ప్రతిష్ఠను నిలబెట్టే బాధ్యత కూడా అతనికి సంక్రమించింది. అడిగినవారికి లేదనకుండా ఇవ్వడం అతని దృష్టిలో ఔదార్యం మాత్రమే కాదు, తన ఉనికికి రుజువు. ఆస్తి కరిగిపోవడం ప్రేరక సంఘటన. ఇచ్చేవాడిగా ఉన్న మనిషి చిన్న ఉద్యోగిగా మారినప్పుడు పోయింది డబ్బు ఒక్కటే కాదు, తనను తాను గుర్తించుకునే పద్ధతి కూడా.

నవలలో అత్యంత సూక్ష్మంగా చిత్రితమైనవి సమస్యను కొనసాగించిన అంశాలు. లోకం తనకన్నా నీచమైనదని తీర్మానించుకోవడం అతనికి తాత్కాలికంగా ఊరటనిస్తుంది. ఆ ఊరటే అతన్ని మనుషులకు దూరం చేస్తుంది. దూరమైనకొద్దీ తీర్మానం బలపడుతుంది. 1960లలో ఆరన్ బెక్ రూపొందించిన జ్ఞానాత్మక చికిత్స ఇటువంటి వలయాన్నే కేంద్రంగా తీసుకుంటుంది. గోపీచంద్ దానికన్నా ముందే, 1940లలోనే, ఈ వలయాన్ని కథనరూపంలో చూపగలిగాడు.

ఇక బలాల విషయం. విమర్శ సాధారణంగా పట్టించుకోని కోణమిది. సీతారామారావు చదువుకున్నవాడు, ప్రశ్నించగలవాడు, తన ఆలోచనలను తానే గమనించగలవాడు. ఒకప్పుడు ప్రేమించి పెళ్లి చేసుకోగలిగినవాడు. ‘అసమర్థుడు’ అన్న పేరును అక్షరార్థంలో తీసుకున్న పాఠకుడికి ఈ సామర్థ్యాలు కనిపించవు. శీర్షికను రచయిత తీర్పుగా కాక, పాత్ర తన మీద తాను వేసుకున్న ముద్రగా కూడా చదవవచ్చు.

4. రామయ్య తాత - సలహాకు, ఆలకింపుకు మధ్య దూరం:
నవలలో కౌన్సెలర్‌కు దగ్గరగా కనిపించే పాత్ర రామయ్య తాత. సీతారామారావు అతన్ని వెతుక్కుంటూ వెళ్లడమే గమనించదగ్గ విషయం. సహాయం కోరడం మార్పుకు తొలి సంకేతం. కానీ తాత దగ్గర దొరికేది తత్త్వం. ప్రశ్న వెనుక ఉన్న బాధకన్నా ప్రశ్నకే అక్కడ సమాధానం లభిస్తుంది. 1951లో వెలువడిన గ్రంథంలో కార్ల్ రోజర్స్ వివరించిన వ్యక్తికేంద్రిత పద్ధతి ప్రకారం, ఎదుటి మనిషిని షరతులు లేకుండా స్వీకరించి అతని అనుభవాన్ని అతని వైపు నుంచి గ్రహించడం ముఖ్యం. పగలూ రాత్రీ తర్కంతోనే తనను తాను హింసించుకునే మనిషికి మరింత తర్కం అందితే అతని ఆయుధాలు పెరుగుతాయే తప్ప గాయం మానదు. తాత మాటల్లోని విలువను కాదనకుండానే, ఆ సంభాషణలు సీతారామారావును ఎందుకు నిలపలేకపోయాయో ఈ దృష్టి వివరిస్తుంది.

5. ఇందిర - విమర్శలో కనిపించని వ్యక్తి:
ఆత్మన్యూనత చర్చ మొత్తం సీతారామారావు చుట్టూ తిరిగినప్పుడు, అతని చేతిలో దెబ్బలు తిన్న ఇందిర అతని రోగలక్షణంగా మిగిలిపోతుంది. కౌన్సెలింగ్ ప్రణాళిక ఇందుకు అంగీకరించదు. హింస కొనసాగుతూ, భార్య భయంతో జీవిస్తున్నప్పుడు దంపతులిద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి మాట్లాడించడం తొలి అడుగు కారాదు. అక్కడ చెప్పిన నిజానికి ఇంటికి వెళ్లాక ఆమె మూల్యం చెల్లించవలసి రావచ్చు. ముందుగా ఆమెకూ, బిడ్డకూ రక్షణ; ఆమెతో విడిగా సంభాషణ; ఆ తరువాతే తక్కినవి. హింసకు కారణం వెతకడం హింసను క్షమించడం కాదు. 2005 గృహహింస నిరోధక చట్టం వచ్చిన తరువాతి తరం విద్యార్థులకు ఈ నవలను బోధించేటప్పుడు, ‘అతను ఎందుకు కొట్టాడు’ అన్న ప్రశ్నతోపాటు ‘ఆమె ఎవరికి చెప్పుకోగలిగింది’ అన్నదీ తరగతిలో వినిపించవలసి ఉంది.

6. సుబ్బయ్య - ఒకే ముద్ర, వేరే ప్రణాళిక:
‘అల్పజీవి’లోని సుబ్బయ్యకూ విమర్శ ఆత్మన్యూనత ముద్రనే వేసింది. సీతారామారావు న్యూనతను ఆధిక్యంతో కప్పుకుంటే, సుబ్బయ్య లొంగుబాటుతో దాన్ని భరిస్తాడు. భార్య సావిత్రి ముందు, బావమరిది ముందు, గవరయ్య ముందు అతను కుంచించుకుపోతాడు. కాదనలేకపోవడమే అతని ఆపదలకు మూలం. కనుక ఇతనికి తగిన ప్రణాళిక కోపాన్ని అదుపు చేయడం మీద కాక, తన మాట తాను చెప్పుకోవడం నేర్చుకోవడం మీద నడవాలి. అదికూడా గవరయ్యతో మొదలుకాదు. తక్కువ భయం కలిగించే మనిషితో, చిన్న నిరాకరణతో మొదలవుతుంది. మనోరమ పరిచయంలో తనను చిన్నచూపు చూడని కళ్లు అతనికి ఎదురవుతాయి. ఆ అనుబంధంలోని నైతిక చిక్కులు ఎలా ఉన్నా, అవమానం లేనిచోట సుబ్బయ్య వేరే మనిషి కాగలడన్న సూచన అందులో ఉంది. న్యూనత అతని స్వభావంలోనే కాక, అతని చుట్టూ ఉన్న అధికార సంబంధాల్లోనూ ఉందని రావిశాస్త్రి చూపాడు. ఒకే ముద్ర రెండు భిన్నమైన ప్రణాళికలను కోరుతున్నదంటే, ఆ ముద్ర చెప్పగలిగినది ఎంత తక్కువో తెలుస్తుంది.

7. పద్ధతి పరిమితి:
పాత్ర రోగి కాదు. అతనికి ఎదురుప్రశ్న వేయలేం, జవాబు విని ప్రణాళికను సవరించలేం. సీతారామారావు శ్మశానంలో అంతం కావడం నవల నిర్మాణం కోరిన ముగింపు. సకాలంలో సహాయం అందివుంటే ఆ నవల ఉండేది కాదనడం విమర్శ కాదు. కాని ఆ ముగింపును అనివార్యమైన విధిగా బోధించడంలో ప్రమాదముంది. తరగతిలో కూర్చున్నవారిలో అదే వలయంలో చిక్కుకున్నవారు ఉండవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్, ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించి శిక్షకు బదులు సంరక్షణను నిర్దేశించింది. 2022 నుంచి టెలి మానస్ సేవ 14416 నంబరుపై తెలుగులోనూ అందుబాటులో ఉంది. ఈ నవలను బోధించే అధ్యాపకుడు పాఠంతోపాటు ఈ సమాచారాన్ని అందించడం సాహిత్యేతరమైన పని కాబోదు.

8. ముగింపు:
కౌన్సెలింగ్ ప్రణాళిక దృష్టితో చదివినప్పుడు తేలిన అంశాలు ఇవి:
1. ఆత్మన్యూనత అన్న నిర్ధారణ సీతారామారావు, సుబ్బయ్యల మధ్య భేదాన్ని చెరిపివేస్తుంది. ప్రణాళిక దానిని తిరిగి చూపుతుంది.
2. బలాల అన్వేషణ ‘అసమర్థుడు’ అన్న శీర్షికలోని వ్యంగ్యాన్ని తెరుస్తుంది.
3. రామయ్య తాత పాత్ర సలహాకున్న పరిమితిని నిరూపిస్తుంది.
4. రక్షణకు తొలిస్థానమిచ్చే పద్ధతి ఇందిరను చర్చ మధ్యకు తెస్తుంది.

మనిషికి పేరు పెట్టడంతో వైద్యం పూర్తికానట్లే, పాత్రకు పేరు పెట్టడంతో విమర్శ పూర్తికాదు.