పెట్టెకు ఊపిరి పోసే చెయ్యి

తుమ్మలపల్లె అంటే ఇప్పుడందరికీ యురేనియం గనే గుర్తుకొస్తుంది. నాకు మాత్రం పద్యనాటకాల రాత్రులు, వాటికి శ్రుతినిచ్చే హార్మోనియం. ఏళ్ల తరబడి వెతికిన కాలితో తొక్కే పాత పెట్టె చివరికి దొరికింది. తెరిస్తే ఎలుకలు కొరికిన తిత్తి, చిలుముపట్టిన ఇత్తడి రీడ్లు.

బాగుచేసిన పెద్దాయన ముందు మెట్ల జోలికే పోలేదు. తిత్తి ఆడించి, గాలి ఎక్కడ జారిపోతోందో చెవితో పట్టుకున్నాడు. మా ఎండలకు చెక్క ఆరిపోయి నెర్రెలిస్తుంది మరి. ఆ సందులన్నీ పూడ్చాకే రీడ్లు ముట్టాడు. రీడు నాలుకను కొసన గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. గీకిన లోహం మళ్లీ అతుక్కోదు కాబట్టి ఒక గీత, ఒక వినికిడి, మళ్లీ ఒక గీత.

“పెట్టె పాతదైతేనేం సామీ, గొంతు బాగుండాది” అన్నాడు.

1842లో పారిస్‌లో డెబైన్ పేటెంటు పొందిన వాయిద్యమిది. గమకం పలకదంటూ ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దీన్ని దూరం పెట్టింది. ఆ మాట అబద్ధమేమీ కాదు. కానీ 1885లో ‘కీచకవధ’తో సురభి నాటకం పుట్టిన ఈ కడప జిల్లాలో, హార్మోనియం లేకుండా పద్యం ఎత్తుకోమంటే ఏ నటుడు ఒప్పుకుంటాడు?

తోలుకూ గుడ్డకూ ఖర్చు చెప్పాడు గానీ, శ్రుతి కుదిర్చిన పనికి లెక్క కట్టలేదు. నాకది నచ్చలేదు, అసలు కూలి దానికే కదా!