పెరను కోయు విద్య

ఉప్పల్ దాటి వరంగల్లు బాటన తూర్పునకు సాగువారికి నారపల్లి పొలిమేరలో రెండు విధములైన ఉన్నతస్థలములు కంటబడును: ఒకటి, సుమారు 250 కోట్ల సంవత్సరముల వయస్సుగల గ్రానైటు గండశిలల గుట్టలు, రెండవది, నిన్న మొన్న వాని సరసనే లేచిన బహుళాంతస్తుల అపార్టుమెంట్లు. మన కంటికి ఈ రెంటికిని పోలిక లేదు. కొండతేనెటీగకు మాత్రము భేదము లేదు. దానికి వలసినది నేలకు చాల ఎత్తున, వానకు తడవక, శత్రువునకు అందక, ముందుకు పొడుచుకొని వచ్చిన గట్టి చూరు. అది కొండచరియ అంచు కావచ్చును, నీళ్లట్యాంకు అడుగు కావచ్చును, ఎనిమిదవ అంతస్తు బాల్కనీ పలకయు కావచ్చును. గుట్టలను పగులగొట్టి కంకర చేసి, ఆ కంకరతోనే మేడలు కట్టుకొన్న మనము, ఆ మేడనే చరియగా నెంచి వచ్చిన ఈగను చూచి ఆశ్చర్యపడుట అంత న్యాయము కాదు.

అట్లు వచ్చి కట్టిన తేనెపట్టునకు జరుగు మర్యాద అందరెరిగినదే. అపార్టుమెంటు కమిటీవారు ఫోను చేయుదురు. రాత్రివేళ మందుకొట్టువారు వత్తురు. తెల్లవారునప్పటికి వాకిట ఊడ్చి ఎత్తవలసినన్ని ఈగలు చచ్చి పడియుండును. భయము అకారణమని నేననను. ఈ జాతి ఈగలు రేగినచో గుంపుగా వెంటాడును, ప్రాణహానియు కలుగవచ్చును. అయినను ఇదే ఈగతో, ఇంతకంటె సన్నిహితముగా, త్రాటి చివర వ్రేలాడుచు వ్యవహరింప నేర్చిన ప్రజలు మనకు దూరమున లేరు. నల్లమల చెంచులు వారు.

వారి విద్య తెలియవలెనన్న ముందు పట్టును చూడవలెను. పుట్టతేనెటీగ తొఱ్ఱలలో, చీకటిలో, వరుసగా పెక్కు పెరలు కట్టును గనుకనే దానిని పెట్టెలో పెంచుట సాధ్యమైనది. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అను మతాచార్యుడు కదలు చట్రముల పెట్టెను రూపొందించినది మొదలు ఆధునికమైన పెంపకమంతయు అట్టి స్వభావముగల జాతులమీదనే నిలిచినది. కొండతేనెటీగ ఇందుకు లోబడదు. అది బయలున ఒక్కటే పెర కట్టును. ఆ పెర ఒక్కొక్కచో మీటరు వెడల్పునకును మించును. దానిపై వేలకొలది ఈగలు పొరలు పొరలుగా పరచుకొని, తమ శరీరములతోనే ఇంటికి గోడ కట్టుకొనును. పూతకాలము ముగియగానే పెరను విడిచి కుటుంబమంతయు వలసపోవును. ఆ వలస వంద కిలోమీటర్లకు పైబడియు సాగవచ్చును. మరల ఋతువు తిరుగగానే పెక్కుమారులు వెనుకటి చెట్టునకే, వెనుకటి చరియకే వచ్చి చేరును. ఇట్టిదానిని పెట్టెలో నిలుపుట ఎట్లు? తేనె కావలెనన్నచో మనుష్యుడే దానికడకు పోవలెను, పోయి తిరిగి రావలెను. ఇంకొక విశేషము కలదు. తేనె పెర పైభాగమున, ఆధారమునకు అంటియుండు దళసరి చోట చేరును. గుడ్లును పిల్లపురుగులును క్రింది పలుచని భాగమున నుండును. తేనెకోతలో సగము విద్య ఈ ఎఱుకయందే ఇమిడియున్నది.

చెంచులను గూర్చి 1943లో గ్రంథము ప్రకటించిన హైమెన్‌డార్ఫ్ పండితుడు మొదలుకొని ఆ అడవికి పోయిన పరిశీలకులకెల్ల ఈ తేనెకోత అబ్బురము గొలిపిన పని. కొండకొనపైని చెట్టునకు పొడుగాటి మోకు బిగించి, దానిని పట్టుకొని ఒకడు అగాధముమీదికి దిగును. పైన మోకువద్ద కావలియుండు బాధ్యత ఎవరికిబడిన వారికి అప్పగింపరు, అది బావమరిదిది. దిగినవాని ప్రాణముతో తన తోబుట్టువు పసుపుకుంకుమలు ముడిపడియున్నవి గనుక అతడు ఏమరడని వారి నమ్మకము. ఇంత చవుకైన బీమాపత్రమును ఏ కంపెనీయు నేటివరకు వ్రాసియీయలేదు.

దిగినవాడు మొదట చేయవలసినది పొగపెట్టుట. మంట వేరు, పొగ వేరు. ఈ రెంటికిగల భేదమే ఈ విద్యకు ప్రాణము. మంట ఈగల రెక్కలను కాల్చును, గుంపును నశింపజేయును. పచ్చియాకులు కలిపి కట్టిన కట్టనుండి వెడలు చల్లని పొగ వానిని తొలగించును, అంతే. ఒక ఈగ కుట్టగనే దాని కొండినుండి పండిన అరటిపండు వాసనవంటి ద్రవ్యము వెలువడి తక్కినవానిని యుద్ధమునకు పిలుచును. పొగ ఆ పిలుపును మఱుగుపఱచును. అట్లు ఈగలు ప్రక్కకు ఒత్తిగిలిన వెంటనే తేనెభాగమును మాత్రము కోసి బుట్టలోనికి దింపుకొని, పిల్లలున్న భాగమును ఆధారమునకే అంటియుండ విడిచినచో, కుటుంబము చెదరిపోక మరల ఆ పెరనే పూరించుకొనును, కొన్ని వారములలో రెండవ కోతకును అవకాశమిచ్చును.

చెంచులందఱు ఎల్లవేళల ఇట్లే చేసిరనుట సత్యము కాదు. పిల్లపురుగులును తినదగినవే, ఆకలిగొన్నవాడు పెరనంతటిని కోసినచో తప్పుపట్టుటకు అన్నము తిని కూర్చున్న మన కధికారము లేదు. వర్తకులు వచ్చి తేనెకు వెల పెరిగిన పిమ్మట కాగడాలతో కాల్చి తొందరగా కోయు దురలవాటు పెక్కు అడవులలో ప్రబలినది. 1956లో విశాఖపట్నము కేంద్రముగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తేనెను కొనుచుండగా, అదే నగరమందలి కోవెల్ ఫౌండేషన్ అను సంస్థ పెరను సగము విడిచి కోయు పద్ధతిని గిరిజనులకు శిక్షణగా నేర్పినది. పొగ, మోకు, కత్తి పూర్వపువే. కోతకు హద్దు గీయుటయే ఆ శిక్షణలోని సారము.

ఇక నారపల్లి మాట. గుట్టలమధ్య అటవీశాఖవారి భాగ్యనగర్ నందనవనము కలదు. ఊరి చుట్టు వేప, కానుగ, నేరేడు, చింత ఇంకను మిగిలియున్నవి. మాఘ ఫాల్గుణములనుండి ఎండకాలము ముగియువఱకు ఒకదాని వెనుక నొకటిగా పూచు ఈ చెట్లను వెదకుకొనుచు ఈగలు వచ్చుచున్నవి. ఆ రాక తేనెకొరకు మాత్రమే ముఖ్యమని తలచుట పొరపాటు. పొద్దుతిరుగుడు పైరును చూడుడు. దాని పువ్వునందలి ఒక్కొక్క చిఱుపుష్పమున మొదట పుప్పొడి రాలును, తరువాతగాని కీలాగ్రము విచ్చుకొనదు. పైగా తన పుప్పొడిని తానే గ్రహింప నిరాకరించు స్వభావము పెక్కు రకములయందు కలదు. ఈగ లేనియెడల గింజ తాలుపోవును. అందుచేత వ్యవసాయశాస్త్రజ్ఞులు రైతునకు చెప్పు ఉపాయమేమనగా, ఉదయము 8 గంటలకును 11 గంటలకును నడుమ, దినము విడిచి దినము, మెత్తని గుడ్డతో ఒక్కొక్క పువ్వు ముఖమును నెమ్మదిగా రుద్దవలెను. ఒక ఎకరమున వేలకొలది మొక్కలు! ఏ కూలియు అడుగక ఈగ చేయు పనిని కూలియిచ్చి మనుష్యులచేత చేయించుకొనవలసివచ్చుట అభివృద్ధి యనిపించుకొనునా? పైరు పూతమీదనున్నప్పుడు పట్టపగలు పురుగుమందు చల్లువారును, నగరమున రాత్రివేళ పట్టుమీద మందు కొట్టించువారును ఒకరినొకరు ఎఱుగకయే ఈ కూలిని పెంచుచున్నారు.

మేడమీది పట్టునకు మోకును బావమరిదియు అక్కఱలేదు. చేయవలసినది చాలవఱకు చేయకుండుటయే. పట్టున్న బాల్కనీ తలుపు మూసియుంచి, పిల్లలను ఆ ప్రక్కకు పోనీయక, రాళ్లు రువ్వక, రాత్రి దానికెదురుగానున్న దీపమును ఆర్పివేయవలెను. వెలుతురునకు ఈ ఈగలు ఎగిరి వచ్చును, ఇంటిలో దూరునవి తఱచు అట్టివే. పూత తగ్గగానే, కొన్ని నెలలలో, అవి తమంతట తామే పోవును. పోయిన తరువాత మిగిలిన మైనపు పెచ్చును అడుగంట గీకి, ఆ చోటికి సున్నమో రంగో పూయవలెను. పాత మైనపు వాసన మరుసటి ఏట ఈగలను అచ్చటికే రప్పించును గనుక, నివాసులకు రాక యిష్టము లేనిచో గీకుట మఱవరాదు. జనసంచారము మిక్కిలిగానుండి వేచియుండుట వీలుకాని చోట, పొగపెట్టి ఈగలను తొలగించి పెరను దింపగల నేర్పరిని పిలువవలెను. మందుకొట్టువాడు ఫోను చేసిన గంటకు వచ్చును. ఆ నేర్పరికొరకు రెండు దినములు ఆగవలసిరావచ్చును. ఆగుటకు కమిటీవారు ఒప్పుకొందురా యనునదే అసలు చిక్కు.