సర్వనామంలో దాగిన పురుషుడు

విజ్ఞాన కల్పన అంటే రాకెట్ల కథలని పెదవి విరిచేవారిని నేను చదవమనే నవల, ఉర్సులా లె గ్విన్ 1969లో ప్రచురించిన 'ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్'. ఇందులోని గెథెన్ గ్రహవాసులు నెలలో కొద్దిరోజులు తప్ప స్త్రీలూ కారు, పురుషులూ కారు. ఆ రోజుల్లో ఎవరు ఏమవుతారో ముందుగా తెలియదు. ఒకే వ్యక్తి కొందరు పిల్లలకు తల్లి, మరికొందరికి తండ్రి కావచ్చు. అందువల్ల బిడ్డల్ని కనే భారం సమాజంలో సగం మందికే పరిమితం కాదు. అయినా అక్కడా రాజులున్నారు, కుట్రలున్నాయి, నిర్బంధ శిబిరాలున్నాయి. స్త్రీ పురుష భేదం పోయినంత మాత్రాన పీడన పోదని గుర్తించడం రచయిత్రి వాస్తవిక దృష్టికి నిదర్శనం.

లోపం భాషలో ఉంది. వీరందరినీ ఆమె 'అతడు' అనే పిలిచింది. ఈ ప్రయోగాన్ని 1976లో సమర్థించుకుని, 1987లో ఆ సమర్థనను ఉపసంహరించుకుంది. ఫలితంగా ప్రధాన పాత్ర ఎస్ట్రవెన్ పాఠకుడి మనసులో పురుషుడుగానే మిగిలిపోతాడు.

మన భాషకూ ఈ జబ్బుంది. నేను బడిలో బోధించే మహదమహద్భేదమే చూడండి. నాన్న వచ్చాడు, బండి వచ్చింది, అమ్మా వచ్చింది. ఏకవచనంలో తల్లి స్థానం బండి సరసన! స్త్రీ పురుషులకు సమంగా చెల్లేది గౌరవార్థకమైన 'వారు'. దాన్నీ మనం దొరకిచ్చాం గాని పాలేరుకివ్వలేదు. ఈ నవలను తెలుగు చేసేవారు రాజునూ కూలినీ ఒకే 'వారు'తో పిలవాలి. అప్పుడే రచయిత్రి ఇంగ్లీషులో చేయని పని తెలుగులో జరుగుతుంది.