ఉన్నత విద్యలో సమష్టి ప్రణాళిక: సమస్యా స్వరూప నిర్ధారణ పద్ధతులు - విమర్శనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

ప్రణాళికారంగంలోని అనేక సమస్యలకు అందరూ అంగీకరించే ఒకే నిర్వచనం ఉండదని 1973లో హోర్స్ట్ రిట్టెల్, మెల్విన్ వెబర్ వివరించారు. పరిష్కారం వెదకడానికి ముందు సమస్య ఏమిటో సంబంధితులందరూ కలిసి తేల్చుకోవాలన్నదే సమస్యా స్వరూప నిర్ధారణ పద్ధతుల మూలసూత్రం. వీటిలో లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో పీటర్ చెక్‌లాండ్ రూపొందించిన మృదు వ్యవస్థల పద్ధతి ప్రసిద్ధం. ప్రతి ఉన్నత విద్యాసంస్థ తన అభివృద్ధి ప్రణాళికను పాలకమండలి, అధ్యాపకులు, విద్యార్థులు, సిబ్బంది కలిసి తయారుచేసుకోవాలని జాతీయ విద్యావిధానం-2020 నిర్దేశించింది. ఈ నేపథ్యంలో ఆ పద్ధతి బలాన్నీ పరిమితినీ పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. పద్ధతి - దాని బలం

చెక్‌లాండ్ పద్ధతిలో ప్రతి ప్రతిపాదననూ ఆరు అంశాలుగా విడదీస్తారు. ఫలితం అనుభవించేవారు, పని నిర్వహించేవారు, జరగవలసిన మార్పు, దాని వెనుక ఉన్న లోకదృష్టి, మార్పును ఆపగల అధికారం కలవారు, పరిసర పరిమితులు అనేవి ఆ ఆరు. ఇందులో లోకదృష్టిదే కీలకస్థానం.

ఒక ఉదాహరణ పరిశీలిద్దాం. 2021-22 నుండి డిగ్రీ కోర్సులన్నీ ఆంగ్ల మాధ్యమంలోనే ఉంటాయని ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి ప్రకటించింది. ఉద్యోగార్హత పెంచడం ఒక లోకదృష్టి. ఇంటర్మీడియట్ దాకా తెలుగులో చదివిన విద్యార్థికి విషయావగాహన దెబ్బతినకుండా చూడడం మరొకటి. తెలుగును శాస్త్రబోధనకు తగిన భాషగా నిలుపుకోవడం ఇంకొకటి. ఒకే మార్పు మూడు వేర్వేరు సమస్యలుగా కనిపిస్తుంది. ఈ భేదాన్ని వాదులాటగా మిగిలిపోనీయక చర్చకు అనువైన రూపంలో ఎదుట నిలపడం ఈ పద్ధతి సాధించిన మేలు.

3. పరిమితి

అయితే ఫలితం అనుభవించేవారు అన్న విభాగంలో లబ్ధిదారులు, బాధితులు ఇద్దరినీ చెక్‌లాండ్ చేర్చాడు. పై ఉదాహరణలో విద్యార్థి స్థానం అదే. మార్పును ఆపగల అధికారం మాత్రం వేరొకరిది. పద్ధతి ఈ అంతరాన్ని పేరుపెట్టి చూపుతుంది కాని తగ్గించదు. మృదు వ్యవస్థల ఆలోచన అధికార అసమానతలను పట్టించుకోదని మైఖేల్ జాక్సన్ 1982లోనే విమర్శించాడు. ప్రిన్సిపాల్ ఎదుట ఒప్పంద అధ్యాపకుడు, అధ్యాపకుని ఎదుట మొదటితరం విద్యార్థిని ఎంత స్వేచ్ఛగా మాట్లాడగలరన్న ప్రశ్నకు ఆరు అంశాల పట్టిక సమాధానం చెప్పదు. అక్కడి మౌనాన్ని అంగీకారంగా నమోదు చేస్తే సమష్టి ప్రణాళిక సంతకాల సేకరణగా దిగజారుతుంది.

ఈ లోటును పూరించడానికి వెర్నర్ ఉల్‌రిచ్ 1983లో ప్రతిపాదించిన పన్నెండు సరిహద్దు ప్రశ్నలు ఉపకరిస్తాయి. ఎవరు నిర్ణయిస్తున్నారు, ఎవరు నిర్ణయించాలి అని ప్రతి ప్రశ్ననూ ఉన్న స్థితి, ఉండవలసిన స్థితి అనే రెండు విధాల అడగడం వాటి విశిష్టత. నిర్ణయంలో పాల్గొనకున్నా దాని ప్రభావానికి లోనయ్యేవారి పక్షాన మాట్లాడేదెవరని అవి నిలదీస్తాయి.

4. ముగింపు

చెక్‌లాండ్ పద్ధతి భిన్నదృష్టులను వినడం నేర్పుతుంది. వినిపించని గొంతు ఎవరిదో ఉల్‌రిచ్ ప్రశ్నలు గుర్తుచేస్తాయి. మొదటిదానికి రెండవది తోడైనప్పుడే విద్యాసంస్థల అభివృద్ధి ప్రణాళికలో 'ఉమ్మడి భాగస్వామ్యం' అన్న మాట సార్థకమవుతుంది. అందుకు తొలి మెట్టుగా, చర్చ విద్యార్థికి వచ్చిన భాషలో జరగాలి. అసమ్మతి కూడా ప్రణాళికా పత్రంలో యథాతథంగా నమోదు కావాలి.